రాత్రివేళ పిలుపు



త్రాగుడు మానదలచినవానికి పగటికంటె రాత్రి కష్టము. కొల్లేరు లంకలలో చేపల చెరువు కాపలాయందున్న సహోదరునికి ఆ వేళ ఏలూరు ఆసుపత్రి దూరము, తాడేపల్లిగూడెములోని బంధువులు దూరము. చేతిలోని ఫోను ఒక్కటే దగ్గర.

1935 మే నెలలో, త్రాగుడు మానియున్న బిల్ విల్సన్ అమెరికాలోని ఆక్రన్ పట్టణపు హోటలులో మరల శోధింపబడి, చర్చీల పట్టిక చూచి ఒక పాదిరిగారికి ఫోను చేసెను. ఆ పిలుపు మూలముగా డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిసికొనెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము అట్లు పుట్టినది. 2020 లాక్‌డౌనులో ఆ కూటములనేకము ఇంటర్నెట్‌లో జరిగినవి.

మన తప్పు ఒప్పుకొందము. ఒక సహోదరుని కొరకు ప్రార్థించుడని పేరుతో సహా సంఘపు వాట్సాప్‌లో వ్రాసితిమి. ప్రేమతోనే వ్రాసితిమి, అతడు సిగ్గుపడి గుడికి వచ్చుట మానెను. పేరు దాచుట కూడ పరిచర్యయే.

కాబట్టి ప్రతి సంఘములో ఇద్దరు, రాత్రి ఫోను ఎత్తుటకు ఒప్పుకొనవలెను. త్రాగుడు మానినవారు వారమునకొకసారి వీడియోలో కూడుకొనునట్లు ఏర్పాటు చేయవలెను. మత్తు విముక్తికి 14446, మనోవేదనకు టెలి మానస్ 14416: ఈ ఉచిత నంబర్లు గుడి గోడమీద వ్రాయింపవలెను. అయితే ఏండ్ల తరబడి మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, ప్రాణాపాయము కలుగవచ్చును. అతనిని ఫోను మాటలతో సరిపెట్టక వెంటనే డాక్టరు వద్దకు తీసికొనిపోవలెను.

నూరేండ్లుగా గంట కొట్టి జనులను పిలిచితిమి. ఇక వారు పిలిచినప్పుడు మనము పలుకుదము.