అడిగే అక్కను పక్కన పెట్టొద్దు
(సర్వసభ్య సమావేశంలో మండల మహిళా సమాఖ్య అధ్యక్షురాలి ప్రసంగం)



మన సంఘాల లెక్కలు ఇప్పుడు లోకోస్ యాప్‌లోకి ఎక్కిస్తున్నాం. "పుస్తకమైతే చూసుకుంటాం. ఫోన్‌లో ఏముందో మాకేం తెలుస్తది?" అని చాలామంది అడుగుతున్నారు.

దాన్ని మొండితనం అనకండి. పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటి. మీ పైసా ఎక్కడుందో మీకు తెలియాలని నేర్పింది మనమే. నేర్చుకున్నారు కాబట్టే అడుగుతున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాను ఎదిరించారు. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు లేచాయి. ఎదురు అడగడం మనకు కొత్త కాదు.

అందుకే నాయకురాళ్లు మూడు పనులు చేయాలి. ఒకటి, లెక్క కుదిరేదాకా పుస్తకం మూయొద్దు; రెండూ నడపాలి. రెండు, పొదుపు, అప్పు, వడ్డీ ఎక్కించిన ప్రతి అంకెనూ సమావేశంలోనే పైకి చదవాలి, సభ్యురాలి పాస్‌బుక్‌తో సరిచూడాలి. మూడు, ఎక్కువ అనుమానపడే అక్కకే ఆ సరిచూసే పని ఇవ్వాలి. ఆమె "సరే" అన్నదంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తది.

లెక్క బయటపడుతుందని వద్దనేవాళ్లు కూడా ఒకరిద్దరు ఉండొచ్చు. వాళ్లతో గొడవ పడొద్దు, పేరు పెట్టి అవమానించొద్దు. అందరి లెక్కతో పాటే వాళ్ల లెక్కా చదవండి, చాలు.

తొందరపడి ఎక్కించిన లెక్క కంటే, నెల ఆలస్యమైనా అందరూ విని ఒప్పుకున్న లెక్కే మన సంఘాన్ని నిలబెడుతుంది. వచ్చే సమావేశం నుంచే ప్రతి గ్రామ సంఘంలో ఇలా మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.