గీతలు కనబడ్డాయి, కానీ...

నేను ఇంజనీరుని. జీవశాస్త్రంలో నాకొచ్చిన మార్కులు ఇక్కడ కూర్చున్న మాస్టారికి ఇంకా గుర్తుండే ఉంటాయి. అయినా పదేళ్లుగా జీవశాస్త్రవేత్తల మధ్యే, వాళ్ల పరికరాలు చూసుకుంటూ బతుకుతున్నాను.

మన కణాల్లో ఈఆర్‌కె అనే కైనేజ్ ఉంది. పెరగమనీ, విభజన చెందమనీ కణానికి అందే కబురును లోపలికి మోసే ప్రోటీన్ అది. దానికి రెండు చోట్ల ఫాస్ఫేటు అతుక్కుంటేనే పని మొదలుపెడుతుంది. ఆ ఫాస్ఫేటు వచ్చేది ఏటీపీ నుంచి. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఫాస్ఫేటు ఉన్న ఈఆర్‌కెని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వాడితే, వెస్టర్న్ బ్లాట్ మీద 42, 44 కిలోడాల్టన్ల దగ్గర రెండు గీతలు కనిపిస్తాయి.

ఒకసారి మాకు ఆ గీతలు చక్కగా వచ్చాయి. కెమెరా నేను బిగించిందే. అందరం సంబరపడ్డాం. ఒక రీసెర్చ్ విద్యార్థిని మాత్రం, ఫాస్ఫేటేజ్ ఎంజైముతో ఫాస్ఫేట్లన్నీ తీసేసి మళ్లీ చూసింది. గీతలు అలాగే ఉన్నాయి! అంటే ఆ యాంటీబాడీ ఫాస్ఫేటు ఉన్నా లేకున్నా అతుక్కుంటోంది. సీసా మీద పేరు మాత్రం సరిగ్గానే ఉంది. మూడు నెలల పని పోయింది. నా కెమెరా తప్పునే అంత అందంగా ఫోటో తీసి పెట్టింది.

తొమ్మిదో తరగతిలో లిట్మస్ కాగితాన్ని ముందు మంచినీళ్లలో ముంచమనేవారు మాస్టారు. "నీళ్లలోనే రంగు మారితే నీ కాగితం చెడిందిరా" అనేవారు. నేను విసుక్కునేవాణ్ణి. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి, "మీ మాస్టారు ఇప్పుడెక్కడున్నారు సార్?" అని అడిగి, ఆ బ్లాట్ ఫోటో ఒకటి ఇచ్చి పంపింది.

మాస్టారూ, ఇదిగోనండి.