పొరపాటుకు చోటిచ్చే ఆకాశం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొరపాటు పడనిదే విద్య అబ్బదని పెద్దల మాట. అయితే యుద్ధవిమానం నడిపేవానికి ఒక్క పొరపాటే ప్రాణాంతకం కావచ్చు. మరి అతడు నేర్చుకొనేదెట్లు? ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే సిమ్యులేటర్, అనగా నేలను విడువకుండానే విమానయానాన్ని అనుభవానికి తెచ్చే యంత్రం.

అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తండ్రిగారి పియానో, ఆర్గన్ల కర్మాగారంలో పనిచేస్తూ, ఆర్గన్‌లో గాలినూదే తిత్తుల ఆధారంగానే 1929 నాటికి అట్టి యంత్రాన్ని నిర్మించాడు. 1934లో తపాలా మోసే భారం సైనిక విమానాలపై పడి, పలువురు పైలట్లు మరణించిన పిమ్మట గాని సైన్యం దాని విలువను గుర్తించలేదు.

తొలి పది పోరాట యాత్రలను దాటిన పైలట్ బ్రతికే అవకాశం ఎంతో పెరుగుతుందని వియత్నాం యుద్ధానంతరం గ్రహించారు. ఆ పది యాత్రల అనుభవాన్ని ముందే కలిగించడానికి 1975లో నెవాడాలోని నెల్లిస్ స్థావరంలో రెడ్ ఫ్లాగ్ విన్యాసాలు ఆరంభించారు. అయినా నిజ విమానాలతో వ్యయమూ, ప్రమాదమూ తప్పవు. ఒంటరి సిమ్యులేటర్‌తోనా, జట్టుపోరు రాదు. కనుక యంత్రాలను ఒకదానితో నొకటి కలపాలని వైమానిక దళాధికారి జాక్ థార్ప్ తలచాడు. 1983లో దార్పా సంస్థ చేపట్టిన సిమ్‌నెట్ ఆ తలపునకు రూపం. అది ప్రధానంగా ట్యాంకులకై ఏర్పడినా, యుద్ధవిమానాలకూ దారి చూపింది.

అందలి కిటుకు సులభమైనదే. ప్రతి యంత్రమూ తన స్థానాన్ని క్షణక్షణమూ చాటితే మార్గమంతా వార్తలతో నిండిపోతుంది. అందుచేత ఒక విమానం తన స్థానం, వేగం, దిశ ఒకసారి తెలిపితే, తక్కిన యంత్రాలు దాని గమనాన్ని తామే లెక్కించుకుంటాయి. లెక్క హద్దుమీరి తప్పినప్పుడే కొత్త వార్త వస్తుంది. దూరం, కాలం, వేగం అంటూ బడిపిల్లలు వేసే లెక్కయే ఇది!

అభ్యాసం ముగిశాక అసలు పాఠం మొదలవుతుంది. అంతా నమోదై ఉంటుంది గనుక, జరిగినదానిని ఆపి, వెనుకకు త్రిప్పి, ప్రత్యర్థి కంటితో సైతం చూడవచ్చు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో జరిగిన 73 ఈస్టింగ్ ట్యాంకుల పోరును, పాల్గొన్నవారి కథనాల సాయంతో ఈ విధంగానే పునర్నిర్మించి అధ్యయనం చేశారు. అయితే శరీరాన్ని నలిపే గురుత్వభారాన్ని గాని, మృత్యుభయాన్ని గాని ఈ యంత్రం సంపూర్ణంగా ఇవ్వలేదు. కనుక నిజ ఆకాశం కూడా అవసరమే.

పాఠశాల సైతం ఇట్టి చోటే. ఇక్కడ తప్పిన లెక్క ఎవరి ప్రాణమూ తీయదు. ఎక్కడ తప్పిందో ఓర్పుతో చూపే గురువు, మార్కులు చూచి గద్దింపక ఆ తప్పును బిడ్డతో కలిసి పరిశీలించే తల్లిదండ్రులు ఉన్న చోట, రేపటి నిజజీవితపు ఆకాశంలో ఆ బిడ్డ రెక్కలు తడబడవు.