గుండెలోని యంత్రము – కాళ్ళలోని నీరు
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



మేము వైద్యులము కాము. పేస్‌మేకరను యంత్రమును ఱొమ్మున ధరించి మూడేండ్లుగా జీవించుచున్న రోగిమాత్రులము. ఆ యనుభవమును మీకు నివేదించుటకే నిలిచితిమి.

యంత్రమమర్చిన పిదప మేమొక పొరపాటు పడితిమి. గుండె సరిగా కొట్టుకొనుచున్నది గదా, ఇక పథ్యమెందుకని తలచితిమి. ఉప్పుచేపయు ఊరగాయయు యథాప్రకారము విస్తరిలోనికి వచ్చెను. నెల తిరుగకమునుపే చెప్పులు బిగువయ్యెను. కాలిపై వ్రేలితో నొక్కిన గుంటపడెను. రాత్రి పండుకొన్నచో ఊపిరాడక, అరుగుమీద గోడకానుకొని తెల్లవారుదాక కూర్చుంటిమి. యంత్రము చెడినదేమోయని భయపడి పోగా, వైద్యులు పరీక్షించి, "యంత్రము బాగుగనే యున్నది, చెడినది మీ పథ్యము" అని సెలవిచ్చిరి.

అందలి మర్మము మనవారికి సులభముగనే తెలియును. పడవలో హైలెస్సా యని పాడువాడు తెడ్లకు లయ నిచ్చునేగాని, తెడ్డువేయువాని భుజమునకు బలము నీయడు. పేస్‌మేకరు పనియు నట్టిదే. గుండెకండ దుర్బలమైనచో మూత్రపిండములు ఉప్పును నీటిని దేహమున నిలువచేయును. ఆ నీరే కాళ్ళకు, పొట్టకు, ఊపిరితిత్తులకు చేరును. గుండె రెండు ప్రక్కలను కలిపి నడపు యంత్రమొకటి కొందరికి బలము చేకూర్చును. అదియైనను పథ్యమును మాన్పదు.

ఇందుకు నిరాశపడనక్కరలేదు. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమున ఆర్నె లార్సనునకు లోకమున మొదటి పేస్‌మేకరును దేహములో నమర్చిరి. అది కొన్ని గంటలకే నిలిచిపోయెను. అయినను ఆయన ఇరువదికి మించిన యంత్రములను మార్చుకొని, 2001 వఱకు జీవించెను.

ఉప్పు మన తీరపు సొమ్ము. ఇస్కపల్లి ఉప్పుమళ్ళు మనకన్నము పెట్టినవి. ఎండుచేప వేట లేని దినములలో బీదవాని నిలువ. దానిని నిందించుట మా తలంపు కాదు. కాని ఆరోగ్యవంతునికే దినమునకు 5 గ్రాములలోపు, అనగా ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచుండగా, నీరుపట్టిన రోగి మఱింత జాగరూకుడై యుండవలదా? పచ్చిచేపనే చింతపండుతోను మామిడికాయతోను పులుసు పెట్టి, ఉప్పు తగ్గించినచో నాలుక కొలదిదినములలో నలవాటు పడును. ఉప్పునకు బదులుగా నమ్ము పొటాషియపు లవణములను మాత్రము వైద్యుని నడుగక వాడరాదు. మోకాలినొప్పికి అంగడిలో నడిగి కొను మాత్రలును నీరుపట్టించును.

ప్రతి ఉదయము మూత్రవిసర్జనానంతరము, ఏమియు తినకమునుపే తూగి, ఆ తూకమును గోడ క్యాలెండరుమీద వ్రాసికొనుడు. మూడు దినములలో రెండు కిలోలు పెరిగిన, అది క్రొవ్వు కాదు, నీరు. ఆయాసము వచ్చువఱకు వేచియుండక వైద్యునికడకేగుడు.

కడపట నొక్క మాట. తట్ట నెత్తికెత్తుకొని ఊరూర చేపలమ్ము మన యాడపడుచులు కొందఱు మూత్రము జారీచేయు మాత్రను మానుచున్నారు. కారణమడుగగా తలవంచుకొనిరి. దారిలో మరుగుదొడ్డి లేదు! వైద్యుని యనుమతితో ఆ మాత్రను ఇల్లు చేరిన పిదప వేసికొనవచ్చును. అయినను తలవంచుకొనవలసినది వారా, మనమా?

కావున పోషకమహాశయులను మేము కోరునవి రెండే: పాలెమునకొక తూకపుయంత్రము, చేపలంగడికడ స్త్రీలకొక మరుగుదొడ్డి. సన్మానపు శాలువలు తగ్గినను ఫరవాలేదు. యంత్రము మా గుండెకు లయ నిచ్చినది. తక్కినది మన చేతులలో నున్నది.