కొత్త పెట్టను ఇంటికి తెచ్చిన రోజు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నాకు మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. పదో తరగతి వరకే చదివాను. సంఘం మీటింగులో పదిమంది ముందు మాట్లాడతాను గానీ ఇంతమందిలో ఇదే మొదలు. పెరటి కోళ్ల గురించి చెప్పమన్నారు. కోళ్ల మీద ఎవరికి ఎంత ఆదాయం వచ్చిందో రిపోర్టులో రాస్తారు, చదువుకుంటారు. నేను మాత్రం నష్టం గురించి చెబుతాను. ఆ నష్టం నా చేతుల మీదుగా జరిగింది.

రెండేళ్ల కిందట బ్యాంకు లింకేజీ డబ్బులు వచ్చినప్పుడు మా సంఘంలో నలుగురం కోళ్లు పెట్టాం. నాకు ఆరు పెట్టలు, ఒక పుంజు. మా పక్కింటి పిన్నికి చిన్నా పెద్దా కలిపి పద్నాలుగు. పిన్ని అంటే వరసకు పిన్ని. భర్త లేడు, కూతురు పెళ్లయి అత్తారింట్లో ఉంది. గుడ్లు, పిల్లలు అమ్మిన డబ్బుతోనే కిస్తీ కట్టేది. ఒక్క నెల కూడా వాయిదా తప్పలేదు.

ఉగాదికి ముందు సంతలో ఒక నాటు పెట్ట నచ్చింది. ఎర్రటి పెట్ట, చూడటానికి నిండుగా ఉంది. కాటా మీద పెడితే కిలో 650 గ్రాములు. కిలో 450 రూపాయలన్నాడు. బరువైన పెట్ట కదా, మంచి పెట్టే అనుకొని కొన్నాను. ఇంటికి వచ్చి ముందు పిన్నికే చూపించాను. పిన్ని దాన్ని చంకలో పెట్టుకొని రొమ్ము కింద వేళ్లు పెట్టి తడిమింది. "బరువుంది గానీ రొమ్ము కత్తిలా ఉందే అమ్మాయ్" అన్నది. నేను నవ్వేశాను. కాటా చూశాను పిన్నీ, కాటా అబద్ధం చెబుతుందా అన్నాను. ఆ రాత్రి మా కోళ్లతోనే గంప కింద మూశాను.

తెల్లారి అనుమానం వచ్చి కిరాణా కొట్టుకు తీసుకెళ్లి మళ్లీ తూచాను. కిలో 480. ఒక్క రాత్రిలో 170 గ్రాములు పోయింది. అంటే 76 రూపాయలు నేను నీళ్లకీ నూకలకీ కట్టాను. కోడికి మెడ కింద, కుడి పక్కన, మేత నిలవ ఉండే సంచి ఉంటుంది కదా. అమ్మేవాళ్లు తెల్లవారుజామున దాని నిండా మేపి, నీళ్లు పట్టించి తెస్తారు. అందరూ అలా చేస్తారని అనను. మేసిన కోడి మామూలుగానే బరువు తూగుతుంది, అందులో మోసం కూడా ఉండక్కర్లేదు.

76 రూపాయలతో పోయి ఉంటే ఇవాళ ఈ మైకు ముందు నిలబడేదాన్ని కాదు.

మూడో రోజు ఆ పెట్ట ఒక మూల ముడుచుకొని కూర్చుంది. రెట్ట పచ్చగా నీళ్లలా పడింది. ఐదో రోజు చచ్చిపోయింది. తర్వాత వారంలో మా కోళ్లు ఒక్కొక్కటే నోరు తెరిచి గురగురమంటూ, రెక్కలు వేలాడేసి, ఒకటైతే మెడ మెలితిప్పి పడిపోయింది. ఏడింటిలో రెండు మిగిలాయి. పిన్ని పెరటికీ మా పెరటికీ మధ్య ఉన్నది కంప మాత్రమే. పిన్నివి పద్నాలుగులో పదకొండు పోయాయి.

డాక్టరు గారు వచ్చి చూసి ఇది కొక్కెర తెగులులా ఉందన్నారు. వచ్చాక దీనికి మందు లేదు, రాకముందు టీకానే మందు అన్నారు. రోగం మొదలవగానే మిగిలినవి సంతలో అమ్మేస్తే కొంతైనా వస్తుందని నాకూ ఆలోచన వచ్చింది. ఎందుకు దాచాలి. బహుశా నాకు ఆ పెట్టను అమ్మినవాళ్లూ అలాగే అనుకొని ఉంటారు. అది తట్టాక అమ్మలేదు. గుంత తీసి సున్నం చల్లి పూడ్చాను.

ఆ నెల మీటింగులో పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మిరపకాయల కోతకు కూలికి వెళ్లి ఆ డబ్బుతో కిస్తీ కట్టింది. నేను కడతానంటే ఒప్పుకోలేదు. నేను సంఘం లీడర్ని, తీర్మానం పుస్తకంలో అందరి వాయిదాలు రాసేదాన్ని. ఆ రోజు పిన్ని పేరు దగ్గర రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఒకరోజు నేనే అడిగాను, రొమ్ము ఎలా చూడాలో నేర్పు పిన్నీ అని. ఆమె నేర్పింది, డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నది, రెండూ కలిపి చెబుతాను.

కోడి రొమ్ము మధ్యలో నిలువుగా ఒక ఎముక ఉంటుంది. ఈకల పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఈకలు సన్నపు కోడిని కూడా లావుగా చూపిస్తాయి. వేళ్లు ఈకల్లోకి పోనిచ్చి ఆ ఎముకకు రెండు పక్కలా తడమాలి. ఎముక కత్తి అంచులా పైకి తగిలి, పక్కలు లోపలికి గుంటలుగా ఉంటే కోడి చిక్కిపోయింది. పక్కల కండ గుండ్రంగా వచ్చి, ఎముక అంచు కొద్దిగా తెలుస్తుంటే బాగున్నట్టు. ఎముకే చేతికి దొరక్కుండా మెత్తగా ఉంటే కొవ్వు ఎక్కువైనట్టు, అలాంటిది గుడ్లు సరిగా పెట్టదు. మన ఇంట్లో బాగా గుడ్లు పెడుతున్న పెట్టను ముందు పట్టుకొని చూడండి. చేతికి ఆ గుర్తు ఉంటే సంతలో తేడా తెలిసిపోతుంది. పొదుగు మీద నుంచి అప్పుడే లేచిన పెట్ట కూడా చిక్కి ఉంటుంది, అది రోగం కాదు. అందుకే అమ్మేవాళ్లను అడగాలి.

కాటా వద్దని నేను చెప్పడం లేదు. కాటా కావాలి. కానీ ఒక్కసారి తూచిన తూకంతో ఏమీ తెలియదు. కిలోన్నర తూగితే మన నాటు పెట్టకు మంచి బరువే. అదే ఆరు నెలల వనరాజ పెట్ట రెండు కిలోల దాకా తూగాలి, కిలోన్నరే ఉంటే దానికి ఏదో లోపం ఉంది. వనరాజ, గ్రామప్రియ అనేవి హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసం తయారుచేసిన జాతులు. మా వైపు రెండూ నాటు కోళ్లతో కలిసిపోయాయి కాబట్టి ఏది ఏ జాతో చెప్పడం కష్టం. అందుకని పక్క కోడితో పోల్చకుండా, దాని నిన్నటి బరువుతోనే దాన్ని పోల్చాలి.

తెచ్చిన మర్నాడు పొద్దున్నే, మేత నీళ్లు పెట్టకముందు తూచండి. అదే దాని అసలు బరువు. ముందు ఖాళీ సంచిని తూచి, కోడిని అందులో పెట్టి కొక్కెం కాటాకు తగిలించి, సంచి బరువు తీసేయాలి. తల బయట ఉండాలి, చీకటిగా ఉంటే అది కదలదు. ఆ అంకె గోడ మీదైనా రాసుకోండి. వారానికోసారి అదే వేళకు తూచాలి. తింటూ కూడా బరువు తగ్గుతుంటే కడుపులో నట్టలు ఉండొచ్చు, డాక్టరు గారిని అడిగి మందు తాగించాలి. పొద్దున తూచేటప్పుడే మెడ కింద సంచి కూడా ముట్టుకోండి. రాత్రి నిండుగా ఉన్నది తెల్లారేసరికి ఖాళీ కావాలి. పొద్దున కూడా గట్టిగా ముద్దలా ఉంటే మేత దిగడం లేదన్నమాట.

మిగతావి మీకు తెలిసినవే. కళ్లు, ముక్కు కారకూడదు. నోరు మూసుకొని ఊపిరి తీయాలి. తోక కింద ఈకలకు రెట్ట అంటుకొని ఉండకూడదు. రెక్క కింద ఈకలు విడదీసి పేలు చూడాలి. తురాయి పాలిపోయిందంటే రోగమే అనుకోవద్దు, గుడ్లు ఆపిన పెట్టకు కూడా పాలిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైనది చెబుతాను. ఆ ఎర్ర పెట్ట రొమ్ము బాగున్నా కొక్కెర రాకుండా పోయేదా అని డాక్టరు గారిని అడిగాను. లేదమ్మా అన్నారు. రోగం లోపల ఉండి కొన్నాళ్లు పైకి కనబడకుండా ఉంటుంది, అప్పుడు కోడి బరువుగానే ఉంటుంది, చురుగ్గానే ఉంటుంది, మీ చెయ్యీ చెప్పదు, మీ కాటా చెప్పదు అన్నారు. దాన్ని విడిగా పెట్టడమే దారి. కనీసం మూడు వారాలు. మన కోళ్లకు దూరంగా గంప, వేరే నీళ్ల గిన్నె. ముందు మన కోళ్లకు మేత వేసి ఆఖర్న కొత్తదాని దగ్గరికి వెళ్లాలి, చేతులు, కాళ్లు కడుక్కోవాలి. టీకా ఆరోగ్యంగా ఉన్న కోడికే వేయించాలి. చల్లదనం పోతే టీకా పనిచేయదు కాబట్టి పది ఇళ్లవాళ్లం ఒకే రోజు వేయించుకుంటున్నాం.

మూడు వారాలు విడిగా ఎక్కడ పెట్టాలి, ఇల్లే ఇరుకు అని మా సంఘంలో కూడా అన్నారు. నిజమే. మా ఇంట్లో బాత్‌రూం పక్కన ఒక పాత గంప ఉంటుంది, అదే. మగవాళ్లు విసుక్కున్నా తీయలేదు. మొన్న సంక్రాంతికి ముందు తెచ్చిన రెండు పెట్టల్లో ఒకటి తొమ్మిదో రోజు ముక్కు కారింది. అది గంపలోనే ఉంది కాబట్టి దానితోనే ఆగింది.

పిన్ని ఇక్కడే వెనక వరసలో కూర్చుంది. ఆమె చెప్పమంటేనే ఇదంతా చెప్పాను. పదకొండు కోళ్లకు ఇప్పటివరకు ఎనిమిది పిల్లలను తిరిగి ఇచ్చాను, ఇంకా మూడు బాకీ ఉన్నాను. ఇప్పుడు పొదుగు మీద ఒక పెట్ట ఉంది.

కొక్కెం కాటా ఒకటి మా గ్రామ సంఘం డబ్బుతో కొన్నాం. ఆఫీసు బీరువాలో ఉంటుంది, తాళం వీఓఏ దగ్గర ఉంది. కావలసినవాళ్లు సంత ముందు రోజు సాయంత్రం పేరు రాయించి తీసుకెళ్లండి, మర్నాడు వాడుకొని మధ్యాహ్నానికి తెచ్చి పెట్టండి.