యంత్రము 'కాదు' అన్నప్పుడు



చౌకధరల దుకాణములో ఒక వృద్ధురాలు ఈ-పాస్ యంత్రముపై వ్రేలుంచును. ముద్ర సరిపోలలేదని యంత్రము చూపును. "మిషను ఒప్పుకోలేదమ్మా" అని డీలరు చెప్పును. ఆమె ఖాళీ సంచితో మరలిపోవును. ఆ మాటలోని పొరపాటును గూర్చియే నేడు మేము మీతో ముచ్చటింపదలచినాము.

ఒప్పుకొనుట మనుష్యుల పని. యంత్రము చేయునది పోల్చుట మాత్రమే. ఆధార్ నమోదునాడు తీసిన వ్రేలిముద్ర కేంద్ర భాండారములో భద్రపరుపబడియున్నది. నేటి ముద్ర దానితో సరిపోలినచో 'అవును' అనియు, లేనిచో 'కాదు' అనియు జవాబు వచ్చును. ఒకరి సరకు మరియొకరు తీసికొనకుండుటకు ఇది ఉపకరించును. కాని నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమిన వ్రేళ్లపై గీతలు అరిగిపోవును. వార్ధక్యమున చర్మము పొడిబారును. ఒక్కొక్కప్పుడు నెట్‌వర్కే అందదు. ఇందులో ఏది జరిగినను ఆమె హక్కు తొలగిపోదు. ఆమె ఎవరో యంత్రము ఎరుగదు, ఊరు ఎరుగును.

ఆధార్ ధ్రువీకరణ విఫలమైనంత మాత్రమున అర్హులకు రేషను నిరాకరింపరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రములకు తెలియజేసినది. అట్టివారిని వేరు విధముగా గుర్తించి సరకు ఇచ్చి, ఆ సంగతి పుస్తకములో వ్రాయవలెను. ధ్రువీకరణ కుదరని కారణమున ఎవరికిని ప్రయోజనములు నిలుపబడవన్న ప్రభుత్వ హామీని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో నమోదు చేసినది.

కావున మేము మీకు మనవి చేయునవి మూడు. మొదటిది, వేరొక వ్రేలితోను, సదుపాయమున్నచోట కంటిపాపతోను మరల ప్రయత్నింపజేయుడు. రెండవది, అదియు కుదరనిచో మినహాయింపు పద్ధతిని అమలు జరుపుమని డీలరును కోరుడు. మూడవది, ఎందరు వట్టి చేతులతో మరలిరో గ్రామసభలో విచారింపుడు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము చౌకధరల దుకాణములకు సామాజిక తనిఖీని విధించి, అందు స్థానిక సంస్థలకు స్థానము కల్పించినది.

ఇకముందు "మిషను ఒప్పుకోలేదు" అను మాట మీ చెవిని బడినచో, ఆ తల్లిని ఇంటికి పోనీయకుడు. ఆమెతో కూడ మీరును దుకాణమునకు మరలి నడువుడు.