స్క్రిప్టు నిలిచిన చోటు



ఒక కార్యాలయమున నెలజీతముల పట్టికను తయారుచేయు చిన్న స్క్రిప్టు కలదనుకొందము. గుమాస్తా స్వయముగా నడపినప్పుడు అది చక్కగా పనిచేయును. నియమితవేళకు పనులను మొదలిడు క్రాన్ అను లినక్సు ప్రోగ్రామునకు దానిని అప్పగించెను. తెల్లవారి చూడగా ఫోల్డరులో ఉన్నది గతమాసపు పట్టికయే! స్క్రిప్టులో ఒక్క అక్షరమైనను మారలేదు.

"ప్రక్కవీధిలోని ఇల్లు" అన్నచో ఏ యిల్లు? చెప్పువాడు నిలిచిన చోటును బట్టి అది మారును. ఫైలు పేరు మాత్రమే వ్రాసి దారి చెప్పనిచో, కంప్యూటరు స్క్రిప్టు ఉన్న ఫోల్డరును చూడదు. ఆ పని మొదలైన ఫోల్డరునే చూచును. క్రాన్ సాధారణముగా వినియోగదారుని హోమ్ ఫోల్డరునుండి మొదలిడును. విండోసు టాస్క్ షెడ్యూలరులో "స్టార్ట్ ఇన్" గడిని ఖాళీగా విడిచినచో సాధారణముగా సిస్టమ్ 32 ఫోల్డరే గతి.

చదువవలసిన ఫైలు దొరకనిచో కంప్యూటరు మొరపెట్టును, అది అదృష్టమే. వ్రాయునప్పుడు దారి తప్పినచో తరచుగా నోరెత్తదు. క్రొత్త పట్టిక హోమ్ ఫోల్డరులో పడియుండగా పాతది బ్యాంకునకు పోవును. ఇంక్రిమెంటు అందనివాడు నిందించునది క్రాన్‌ను కాదు, గుమాస్తాను.

కావున స్క్రిప్టును దిద్దబోవుటకు ముందు, అది ఏ ఫోల్డరులో నిలిచియున్నదో దానిచేతనే లాగ్ ఫైలులో వ్రాయించవలెను. ఆ లాగునకు మాత్రము సంపూర్ణమైన దారి నీయవలెను. లేనిచో దానిని వెదకుట మరియొక పని యగును! పిమ్మట తక్కిన ఫైళ్లకును సంపూర్ణమైన దారులను వ్రాయవలెను. "ప్రోగ్రామ్ ఫైల్స్" వలె నడుమ ఖాళీ యున్న దారిని ఉల్లేఖన చిహ్నముల నడుమ ఉంచనిచో అది తరచుగా రెండు ముక్కలగును.